బంతి చేనికి జీవ ఎరువు: ముందు దిబ్బ సంగతి చూడండి

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు మాది ఎర్ర నేల. బోరు కింద బంతి పెడతాం. "జీవ ఎరువు వేశాం, ఏమీ కనపడలేదు" అనేవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఆ పొడిలో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. వాటికి తినడానికి మాగిన ఎరువు, బతకడానికి తేమ కావాలి. ఎండిన చేలో మిట్టమధ్యాహ్నం చల్లితే డబ్బు దండగ.

ఎకరాకు 8 టన్నుల దాకా పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో వేయండి. తోలేముందు దిబ్బ లోపలి ఎరువును పిడికిట్లోకి తీసుకుని నలపండి. వేడి తగలకూడదు, పేడ ఉండలు ఉండకూడదు, మట్టి వాసన రావాలి. పచ్చి పేడ తోలితే చెదలు, వేరుపురుగు వెంటే వస్తాయి. వేసవిలో గొర్రెల మంద కట్టించుకునే వీలుంటే అసలు వదులుకోవద్దు.

వేరుకుళ్లు రాకుండా ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజు పొడి తప్పనిసరి. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా చెట్టు నీడన కలిపి, పలుచటి బెల్లం నీళ్లు చిలకరించి, తడి గోనెసంచులు కప్పాలి. మన గాలికి సంచులు పూటలో ఆరిపోతాయి, పొద్దున సాయంత్రం తడపండి. మధ్యలో ఒకసారి తిరగెయ్యండి. వారం పది రోజులకు కుప్పంతా తెల్లగా, ఆకుపచ్చగా బూజు అల్లుకుంటుంది. ఎరువు చెడిపోయిందని కొందరు పారబోస్తారు. అయ్యో, మనకు కావలసింది ఆ బూజే!

అజోస్పైరిల్లమ్ గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, ఫాస్ఫోబాక్టీరియా నేలలో బిగిసిపోయిన భాస్వరాన్ని కరిగిస్తుంది. ఎకరాకు ఒక్కొక్కటి 2 కిలోలు, మాగిన ఎరువులో కలిపి, తడి ఇచ్చిన సాళ్లలో సాయంత్రం పూట వేసి మట్టి కప్పాలి. రసాయన ఎరువులతో కలపొద్దు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టి అమ్మేది కొనొద్దు.

నాటాక నెల దాటితే తలలు తుంచండి, పక్క కొమ్మలు బాగా వస్తాయి. పదిహేను రోజులకోసారి ఎకరాకు 200 లీటర్ల జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం వగైరా నీళ్లలో పులియబెట్టింది) పారించండి. డ్రిప్‌లో ఇచ్చేవాళ్లు గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఇవి చాలవేమోనన్న టెన్షన్‌తో పైన యూరియా గుప్పించకండి. ఆకు ఏపుగా పెరిగి పూత వెనకబడుతుంది.

నాటిన రెండు నెలలకు కోత మొదలవుతుంది. నారు అంతకుముందు 25 రోజులు ట్రేలలో ఉంటుంది. దసరా మార్కెట్ చూసుకునేవాళ్లు ఈ లెక్కన వెనక్కి వెళ్లి, నారు పోసిన రెండో వారంలోనే ట్రైకోడెర్మా కుప్ప వేసుకోండి.