మిద్దెతోట మిత్రపురుగులు – 3వ పాఠం: పేనుబంక మమ్మీని గుర్తుపట్టడం

కిందటి పాఠంలో చిక్కుడు తీగ మీద రసం పీల్చే పేనుబంక పురుగును, దాని చుట్టూ తిరిగే చీమలను గమనించాం. ఈసారి ఆ పేనుబంకను లోపలినుంచే తినేసే బుల్లి కందిరీగల జాడ పడదాం. వీటిలో చాలావాటి పొడవు 2, 3 మిల్లీమీటర్లకు మించదు. మనల్ని కుట్టవు. ఎగిరే కందిరీగ కోసం వెతికితే దొరకదు, అది గుడ్డు పెట్టిన పేనుబంక కోసం వెతకాలి.

పొద్దున్నే లేత కొమ్మల చివర్లు, పూతకాడలు, ఆకుల అడుగు భాగం చూడండి. నిగనిగలాడే నల్ల పురుగుల మధ్య ఆవగింజలా ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా ఒకటి కనిపిస్తుంది. అదే మమ్మీ, అంటే చచ్చిన పేనుబంక గట్టిపడిన తోలు. కందిరీగ పిల్లపురుగు పేనుబంక లోపలంతా తినేసి, అడుగున చీలిక చేసి, పట్టుదారంతో ఆ తోలును ఆకుకు అతికించుకుని, అందులోనే ప్యూపాగా (రెక్కల పురుగు కావడానికి ముందు కదలని దశ) మారుతుంది.

కొత్తలో చాలామంది పేనుబంక విడిచిన తెల్లటి కుబుసాన్ని చూసి మమ్మీ అనుకుంటారు. కుబుసం ముడతలు పడి ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. మమ్మీని సూదిమొనతో మెల్లగా తాకితే గట్టిగా తగులుతుంది, అంత సులువుగా ఊడదు.

ఇక 10 రెట్ల భూతద్దం తీయండి. మమ్మీ గోధుమరంగులో, గుండ్రంగా ఉంటే అఫిడియస్, ట్రయాక్సిస్ లాంటి కందిరీగల పని. మన దేశంలో అలసంద పేనుబంక మీద ట్రయాక్సిస్ ఇండికస్ బాగా తెలిసినది. మమ్మీ నల్లగా, అంతగా ఉబ్బకుండా ఉంటే అఫెలినస్ అనే మరో రకం కందిరీగది కావచ్చు. నల్ల పేనుబంకలో దీన్ని పోల్చుకోవడం కష్టమే, కాళ్లు కదులుతున్నాయో లేదో చూడాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మమ్మీ మీది కన్నం. గోధుమరంగు మమ్మీ వెనకభాగంలో అంచులు నున్నగా, గుండ్రంగా కోసినట్టు ఉండి, ఒక్కోసారి మూత కూడా వేలాడుతుంటే మన మిత్రుడు క్షేమంగా బయటపడ్డాడన్నమాట. అంచులు కొరికినట్టు చిరిగి ఉంటే, ఆ మిత్రుణ్నే తినే మరో కందిరీగ వచ్చి ఉంటుంది. అలాంటివే ఎక్కువగా కనిపిస్తే పేనుబంక మళ్లీ పెరగొచ్చు. ఈ గుర్తు నల్ల మమ్మీలకు వర్తించదు. అఫెలినస్ కన్నం మామూలుగానే అంచులు చిరిగి ఉంటుంది.

మమ్మీలున్న కొమ్మ మీద మందు కొట్టకండి, వేపనూనె అయినా సరే. చీమలను మాత్రం తీగ ఎక్కనివ్వకండి. పేనుబంక వదిలే తియ్యటి జిగురు కోసం అవి ఈ కందిరీగలను తరిమేస్తాయి.

అభ్యాసం: కన్నం పడని మమ్మీలున్న ఒక ఆకు తుంచి గాజుసీసాలో వేసి, పలుచటి నూలుబట్ట కట్టి నీడలో పెట్టండి. రోజూ చూస్తుండండి. కందిరీగ బయటికి రాగానే మీసాల పొడవు చూసి రాసుకుని, మళ్లీ అదే తీగ మీద వదిలేయండి. పొడవాటి దారంలాంటి మీసాలా, పొట్టి మీసాలా అన్నదానితోనే వచ్చే పాఠం మొదలవుతుంది.