తిరగబెట్టిన హాడ్జ్‌కిన్ లింఫోమాకు జంట ఇమ్యూనోథెరపీ: రోగి, ఇంటివారు పాటించవలసిన జాగ్రత్తలు

కీమోథెరపీ తర్వాత హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక క్యాన్సర్) తిరగబెట్టినా, మందులకు లొంగకపోయినా, ముందుగా మళ్లీ బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించుకోవాలి. పెట్ స్కాన్‌లో వెలిగే గడ్డలన్నీ క్యాన్సర్ కావు. క్షయ సోకిన గ్రంథి కూడా అలాగే వెలుగుతుంది కనుక, క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ పరీక్షను ఎంతమాత్రం వదలకూడదు.

ఈ జబ్బులో ఇమ్యూనోథెరపీగా, అంటే రోగనిరోధక శక్తి సాయంతో చేసే చికిత్సగా, వాడే జంట మందుల్లో బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్, నివోలుమాబ్ ముఖ్యమైనవి. మొదటిది క్యాన్సర్ కణంపై ఉండే సీడీ30 అనే గుర్తును పట్టుకుని విషాన్ని కణం లోపలికి చేరవేస్తుంది. రెండవది, మన టీ-కణాలపై (జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలపై) ఉండే, క్యాన్సర్ కణాలు బిగించి పట్టుకునే పీడీ-1 అనే కళ్లేన్ని వదులు చేస్తుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ జంటను మూడు వారాలకొకసారి, నాలుగు దఫాల వరకు ఇచ్చినప్పుడు 82 శాతం మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది, 61 శాతం మందిలో దాని జాడ కనబడకుండా పోయింది. ఆ తర్వాత చాలామంది సొంత మూలకణాల మార్పిడికి వెళ్లారు.

మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్, కాలేయం, హెపటైటిస్-బి పరీక్షల గురించి అడగండి. కీళ్లవాతం, సోరియాసిస్ వంటివి ఉన్నా, గతంలో బ్లియోమైసిన్ అనే కీమో మందు తీసుకున్నా తప్పక చెప్పండి. బ్లియోమైసిన్‌ను బ్రెంటుక్సిమాబ్‌తో కలిపి ఇస్తే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందుముందు దాత మూలకణాల మార్పిడి ఆలోచన వస్తే, నివోలుమాబ్ వాడిన సంగతి ఆ వైద్యులకు తెలియాలి, ఎందుకంటే దాత కణాలు రోగి శరీరంపై తీవ్రంగా దాడి చేసే ప్రమాదం పెరుగుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఒక చిన్న నోట్‌బుక్. చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు వేళ్లు తడబడ్డాయా, నడుస్తుంటే కాలి చెప్పు జారినా తెలియలేదా, రోజుకు ఎన్నిసార్లు విరేచనమైంది, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వచ్చిందా అన్నవి తేదీతో రాయాలి. వేళ్లు తడబడటం, చెప్పు జారినా తెలియకపోవడం బ్రెంటుక్సిమాబ్ వల్ల నరాలకు వచ్చే తిమ్మిరి కావచ్చు; అది ముదరకముందే చెబితే బ్రెంటుక్సిమాబ్ మోతాదు తగ్గించవచ్చు. విరేచనాలకు మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోవద్దు. అది పేగులపై సొంత రోగనిరోధక శక్తి చేస్తున్న దాడి కావచ్చు, దానికి స్టెరాయిడ్లు అవసరమవుతాయి. ఇలాంటివి చికిత్స ముగిసిన కొన్ని నెలలకు కూడా వస్తాయి కనుక, ఏ ఆసుపత్రికి వెళ్లినా ఇమ్యూనోథెరపీ తీసుకున్నామని మొదటి మాటగా చెప్పాలి.

స్కాన్‌లో గడ్డలు పెరిగినట్టు కనబడితే వెంటనే ఆశ వదులుకోవద్దు. రోగనిరోధక కణాలు చేరి గడ్డ ఉబ్బడం వల్ల కూడా అలా కనిపించవచ్చు. రోగి నిలకడగా ఉంటే కొన్ని వారాల తర్వాత మరో స్కాన్, అవసరమైతే బయాప్సీ చేయవచ్చా అని డాక్టరుగారిని అడగండి.