వేలు బెణికిందా, విరిగిందా?

హన్మకొండ మైదానంలో క్యాచ్ పట్టబోతే బంతి వేలికొసకు తగులుతుంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా దించుతుంటే వేలు కింద నలుగుతుంది. చుట్టూ ఉన్నవారు ముందుగా అనే మాట ఒకటే: "వేలు ఆడించు చూద్దాం." ఆడితే విరగలేదని తేల్చేస్తారు. దయచేసి ఈ పరీక్షను నమ్మకండి. వేళ్లను వంచే, చాచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు తాళ్లలా వచ్చి వేలిని లాగుతాయి. ఎముక చిట్లినా ఆ తాళ్లు బాగుంటే వేలు కదులుతూనే ఉంటుంది.

దెబ్బ ఏదైనా ముందు ఉంగరం తీసేయండి. వాపు పెరిగాక రాదు, రక్తం ఆడదు. ఇప్పటికే బిగుసుకుంటే సబ్బు నీళ్లు, కొబ్బరినూనె రాసి తిప్పుతూ లాగండి.

వాచింది, నొప్పి ఉంది, కానీ వేలు తిన్నగానే ఉంది

బెణుకు కావచ్చు, సన్నటి పగులు కావచ్చు. రెండో చేతి వేలికొసతో మెల్లగా నొక్కుతూ వెళ్లండి. నొప్పి కణుపు పక్కల ఉంటే బెణుకు అయ్యే అవకాశం ఎక్కువ. రెండు కణుపుల మధ్య ఎముక మీద ఒకే చోట నొక్కినప్పుడు ప్రాణం పోయినట్లుంటే పగులును అనుమానించాలి. అయితే కణుపు దగ్గర చిన్న ఎముక ముక్క ఊడినా అచ్చం బెణుకులాగే ఉంటుంది. అది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

బెణుకుకు గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. మధ్యలో దూది పెట్టి పక్క వేలితో కలిపి వదులుగా టేపు వేయండి. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే ఎక్స్‌రే తీయించాలి. పిల్లల విషయంలో అంతసేపు కూడా ఆగవద్దు. వారి ఎముక చివర్లలోని ఎదిగే భాగం కీలును పట్టి ఉంచే లిగమెంటు కంటే మెత్తన. పెద్దలకు బెణికే దెబ్బకు పిల్లలకు అక్కడ విరగవచ్చు.

పిడికిలి ముడిస్తే వేలు పక్క వేలి మీదికి ఎక్కుతోంది

ఇది చాలామంది చూడనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఎముక విరిగి మెలి తిరిగితే, వేలు చాచినప్పుడు ఏ తేడా కనిపించకపోవచ్చు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు వేళ్లు సగం ముడవండి. కొసలన్నీ బొటనవేలి మొదలు వైపు చూడాలి. ఒకటి దారి తప్పితే టేపు పనికిరాదు. ఒకటి రెండు రోజుల్లో ఎముకల డాక్టరును కలవండి. అలాగే అతుక్కుంటే పిడికిలి ఎప్పటికీ సరిగా పడదు.

వేలికొస వాలిపోయింది లేదా వంగడం లేదు

బంతి తగిలిన వేలికొస కిందికి వాలి సొంతంగా లేవకపోతే, దాన్ని పైకెత్తే స్నాయువు తెగింది, లేదా ఎముక ముక్కతో సహా ఊడింది. నొప్పి పెద్దగా లేదని వదిలేస్తారు. స్ప్లింటుతో, అంటే వేలు వంగకుండా పట్టి ఉంచే గట్టి ఆసరాతో, కొసను నిటారుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. స్నానంలోనైనా ఒక్కసారి వంగితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కబడ్డీలో ఎదుటివారి బనియను పట్టుకున్నాక కొస లోపలికి వంగకపోతే ఇంకా తొందర పడాలి. తెగిన స్నాయువు అరచేతి వైపు జారిపోతుంది. దానికి ఆపరేషన్ కావాలి, అదీ వీలైనంత త్వరగా.

గోరు నల్లబడి పోటెత్తుతోంది

గోరు కింద రక్తం చేరింది. సూది కాల్చి ఇంట్లో పొడవకండి. కింద ఎముక కూడా చిట్లి ఉండవచ్చు, క్రిములు నేరుగా అక్కడికి చేరతాయి. ఆ రక్తాన్ని డాక్టరే తీయాలి.

వేలు వంకరపోయింది, మొద్దుబారింది, ఎముక కనిపిస్తోంది

లాగి సరిచేయవద్దు, నూనెతో మర్దన వద్దు, పసరు కట్టు అసలే వద్దు. బిగుతు కట్టు కింద రక్తం ఆగితే వేలే పోవచ్చు. గాయం మీద శుభ్రమైన గుడ్డ వేసి, ఉన్నది ఉన్నట్లు అట్టముక్క ఆసరాతో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వరంగల్ వారికి ఎంజీఎం ఆసుపత్రి ఉంది, ఊళ్లలో ఉంటే 108కి ఫోను చేయండి. కొస తెగిపడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.

ఎక్స్‌రే తీసేటప్పుడు దెబ్బ తగిలిన వేలిని పక్క నుంచి కూడా విడిగా తీయమని అడగండి. చెయ్యి మొత్తం ఒకేసారి పక్క నుంచి తీస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి పడి చిన్న పగులు దాగిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా, వారం పది రోజుల తర్వాత కూడా ఎముక మీద అదే చోట నొప్పి ఉంటే మరోసారి తీయించండి.