ఏటీవీ కొనే ముందు ఈ జాగ్రత్తలు

ట్రైల్ రైడింగ్‌కీ (అడవి, కొండ దారుల్లో తిరగడానికీ), చిన్నచిన్న పనులకీ ఒకే ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి) తీసుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి.

– ఎంతమందికి చేసిన బండో ముందు తేల్చుకోండి. సింగిల్ సీటు బండి మీద ఇద్దరెక్కితే బరువు వెనక్కి పోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి తిరగబడుతుంది. సీటు పొడుగ్గా ఉంది కదా అని మోసపోకండి. అది నడిపేవాళ్లు ముందుకీ వెనక్కీ జరగడానికే. ఇద్దరు తిరగాలంటే టూ-అప్ మోడలే (ఇద్దరి కోసం చేసిన బండే) తీసుకోండి.

– మొత్తం లోడ్ పరిమితిలో మీ బరువూ కలిసే ఉంటుంది. ర్యాక్ (సామాను పెట్టే చట్రం) మీద రాసిన అంకె ఒక్కటే చూస్తే చాలదు.

– ట్రెయిలర్ లాగాలంటే లో రేంజ్ గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్) ఉన్న బండి చూసుకోండి. సీవీటీ (గేర్లు మార్చే పని లేకుండా బెల్ట్‌తో నడిచే ఆటోమేటిక్ పద్ధతి) బండిలో అది లేకపోతే బెల్ట్ వేడెక్కి పాడవ్వొచ్చు.

– దిగుడు దారుల్లో ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదలగానే ఇంజినే బండి వేగాన్ని అదుపు చేయడం) చాలా ఆదుకుంటుంది. సీసీలు పెంచడం కన్నా దీనికే డబ్బు పెట్టమంటాను.

– వెడల్పు కొలవండి. కొన్ని ట్రైల్స్‌లో 50 అంగుళాలు దాటితే రానివ్వరు.

– పాత బండైతే ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పించండి. లోపల బురద ఉంటే ఆ బండి కొనకండి. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే.