ఇంటి కంప్యూటర్ మరమ్మతు – 5వ పాఠం: విండోస్ 11 సగంలో ఆగి వెనక్కి వచ్చేస్తే

గత పాఠంలో ఫొటోలు, పత్రాలు, లెక్కల ఫైళ్లు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకున్నాం. ఆ పని చేయనివాళ్లు ఇక్కడే ఆగి, ముందు అది చేసుకు రండి. ఈ పాఠంలోని పనుల్లో రెండు మూడు, చేయి తప్పితే డేటా మీదికి తెచ్చేవే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. భీమవరంలో రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసే డెస్క్‌టాప్ మొదలుకొని అమలాపురంలో పిల్లల చదువుకని కొన్న ల్యాప్‌టాప్ దాకా అందరూ 11కి మారే పనిలో పడ్డారు. కొన్ని సాఫీగా మారతాయి. కొన్ని సగం దాకా వెళ్లి, రీస్టార్ట్ అయి, తెరమీద ‘అన్‌డూయింగ్ ఛేంజెస్’ అని చూపించి, కాసేపటికి అదే పాత విండోస్ 10తో మన ముందు నిలబడతాయి. వెంటనే మళ్లీ అదే బటన్ నొక్కుతారు చాలామంది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ అక్కడే ఆగుతుంది. అడ్డుపడినది అక్కడే ఉంది మరి.

ఎక్కడ ఆగిందో తేల్చుకోవడమే ఇవాళ్టి పాఠంలో అసలు పని. గోదావరి కాలువల మీద పడవలు తిరిగిన రోజుల్లో ధవళేశ్వరం నుంచి కిందికి రావాలంటే లాకులు (నీటి మట్టం మార్చి పడవను దాటించే గేట్లు) ఒక్కొక్కటే దాటాలి. పడవ రాలేదంటే ‘ఏ లాకు దగ్గరుంది?’ అనేదే మొదటి ప్రశ్న. విండోస్ మార్పిడికీ అలాంటి లాకులు నాలుగున్నాయి.

మొదటిది పాత విండోస్‌లోనే జరుగుతుంది. డిస్కులో చోటు, సరిపడని ప్రోగ్రాములు చూసుకుంటుంది, ఫైళ్లు దించుకుంటుంది. ఆ సమయంలో మీరు వేరే పని చేసుకోవచ్చు కూడా. రెండోది మొదటి రీస్టార్ట్ తర్వాత. పాత విండోస్ పక్కకి జరిగి, ఒక చిన్న సెటప్ వ్యవస్థ డిస్కును చేతిలోకి తీసుకుంటుంది. మూడోది కొత్త విండోస్ మొదటిసారి లేచి డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు) వేసుకోవడం. నాలుగోది మీ ఫైళ్లు, సెట్టింగులు, యూజర్ ఖాతాలు కొత్త ఇంట్లోకి సర్దడం.

ఏ లాకో చెప్పేది ఎర్రర్ కోడ్. తెరమీద అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం. ఉదాహరణకి: 0ఎక్స్‌సీ1900101 – 0ఎక్స్20017. అందరూ మొదటి ముక్క పట్టుకుని వెతుకుతారు. దానికి ‘మార్పిడి వెనక్కి తిరిగింది, బహుశా డ్రైవర్ వల్ల’ అన్నంత మాత్రమే అర్థం. జ్వరం అన్నట్టే. అసలు సంగతి గీత తర్వాతి ముక్కలో ఉంది. అందులో 0ఎక్స్ తర్వాత వచ్చే మొదటి అంకె లాకు నంబరు. ఇక్కడ 2, అంటే రెండో లాకు. చివరి రెండు, 17, ఏ పని చేస్తుండగా ఆగిందో చెబుతాయి. 17 అంటే బూట్ అవుతుండగా. 30018 అయితే మూడో లాకులో, కొత్త వ్యవస్థను సిద్ధం చేస్తుండగా (దీన్నే సిస్‌ప్రెప్ అంటారు). 4000డి అయితే నాలుగో లాకులో, డేటా సర్దుతుండగా. విండోస్ అప్‌డేట్ చరిత్రలో తరచూ మొదటి ముక్కే కనిపిస్తుంది. అందుకే ఐఎస్ఓ ఫైలు (విండోస్ సెటప్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని, దాని మీద రెండుసార్లు నొక్కి తెరిచి, లోపలి సెటప్‌ను నడపమంటాం. అలా చేస్తే ఆగినప్పుడు రెండు ముక్కలూ తెరమీదే వస్తాయి. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకా లోతుకి వెళ్లాలంటే సెటప్‌డయాగ్ అనే మైక్రోసాఫ్ట్ పరికరం ఉంది. సెటప్ విఫలమైతే చాలాసార్లు అదే నడిచి, సి డ్రైవ్‌లో విండోస్, లాగ్స్, సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్‌లో నివేదిక పెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే కొన్నిసార్లు తప్పు చేసిన డ్రైవర్ ఫైలు పేరే రాసి ఉంటుంది. పేరు దొరికిందంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి లాకు

ఇక్కడ ఆగేవి తేలిగ్గా తెలుస్తాయి. 0ఎక్స్80070070 అంటే చోటు లేదు. విండోస్ 11కి 64 జీబీ డిస్కు చాలని రాసి ఉన్నా, సి డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టొద్దనేది మా లెక్క. 240 జీబీ ఎస్ఎస్‌డీలో వాట్సాప్ వీడియోలు, డౌన్‌లోడ్లు నిండిపోతే డిస్క్ క్లీనప్ ఒక్కటే సరిపోదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్’ అని కొడితే హైబర్నేషన్ ఫైలు (కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లోది దాచే ఫైలు) పోతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో దానివల్ల 3 జీబీ పైన కలిసొస్తుంది.

0ఎక్స్‌సీ1900208 అంటే సరిపడని ప్రోగ్రామ్ ఒకటి ఉంది. పాత యాంటీవైరస్‌లు, పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు, వాటి డాంగిల్ (లైసెన్స్ కోసం తగిలించే చిన్న యూఎస్‌బీ ముక్క) డ్రైవర్లే ఇక్కడ ముందుగా అనుమానించాల్సినవి. యాంటీవైరస్‌ను ఆపితే చాలదు, పూర్తిగా తీసేయాలి. మళ్లీ వేసుకోవడానికి లైసెన్స్ నంబరు ముందే కాగితం మీద రాసుకోండి.

0ఎక్స్‌సీ1900200 అంటే కంప్యూటరే అర్హత తప్పింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం లేక ఆ పైది, 4 జీబీ ర్యామ్, టీపీఎమ్ 2.0 (రహస్య కీలు దాచే భద్రతా చిప్), యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను లేపే కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ (నమ్మదగిన వ్యవస్థనే లేవనిచ్చే సెట్టింగు) కావాలి. టీపీఎమ్ చాలా బోర్డుల్లో ఉంటుంది, ఆపేసి ఉంటుందంతే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర) ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎమ్‌డీ అయితే ఎఫ్‌టీపీఎమ్ అనే పేరుతో వెతకండి. ప్రాసెసరే పాతదైతే అడ్డదారిలో ఎక్కించే చిట్కాలు వీడియోల్లో బోలెడు. ఆ దారి వద్దు. అలా ఎక్కించినదానికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. విండోస్ 10కే సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే పథకం ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా పెట్టారు. దాంట్లో చేరితే ఈలోగా తొందరపడకుండా ఆలోచించుకోవచ్చు.

రెండో లాకు, మూడో లాకు

ఎక్కువ కంప్యూటర్లు మునిగేది ఇక్కడే. కరెంటుతో మొదలుపెట్టండి.

డెల్టాలో అక్టోబర్, నవంబర్ అంటే తుపాన్ల రోజులు. హార్డ్ డిస్కు మీద ఈ మార్పిడికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. డెస్క్‌టాప్ కింద పెట్టే చిన్న యూపీఎస్ మహా అయితే పది పదిహేను నిమిషాలు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడపొచ్చు, కానీ దాని వెనకనో పక్కనో ఉండే చిన్న స్విచ్ చూడండి. అది ‘నార్మల్’ మీద ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు కంప్యూటర్ ఆరిపోతుంది. ఫ్యాన్లు, లైట్లకి ఆ ఆలస్యం తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. స్విచ్ ‘యూపీఎస్’ మీదికి మార్చాలి. దీనికీ ఒక చిక్కుంది. ఆ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180కి తగ్గగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రం చెరువుల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే ఊళ్లలో వోల్టేజీ పడిపోతే, కరెంటు ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మార్పిడి పొద్దున్నే పెట్టుకోండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు.

తర్వాత తీగలు. కీబోర్డు, మౌస్, తెర తప్ప తగిలించి ఉన్నవన్నీ పీకేయండి: ప్రింటర్, వెబ్‌క్యామ్, కార్డ్ రీడర్, వేలిముద్రల పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, బయటి హార్డ్ డిస్కు. ఈ లాకుల్లో పరికరాల డ్రైవర్లలో ఒక్కటి మొరాయించినా మొత్తం వెనక్కి రావచ్చు. 20017 వచ్చినవాళ్లు ముందు ఇది చేసి మళ్లీ ప్రయత్నించండి. ఖర్చు లేని వైద్యం.

అప్పటికీ కాకపోతే కంప్యూటర్ లేదా మదర్‌బోర్డు తయారీదారు సైటు నుంచి స్టోరేజ్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్ డ్రైవర్లు కొత్తవి వేయండి. మోడల్ నంబరుతో అక్కడే తీసుకోవాలి. అన్ని డ్రైవర్లూ ఒకేసారి సరిచేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు కంప్యూటర్లలో లోపలి భాగాలకి తుప్పు, తేమ సమస్య ఉంటుంది. కరెంటు ప్లగ్ పూర్తిగా పీకి, ఇనుప కేసును చేత్తో ముట్టుకుని, ర్యామ్ కర్ర బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరుతో మెల్లగా తుడవండి. పొడి దులిపి, రెండు వైపులా క్లిప్ టక్కుమనేలా నొక్కండి. పక్కనే రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ కనిపిస్తుంది. దాని నంబరు సీఆర్2032, మూడు వోల్టులది. మల్టీమీటర్‌లో 2.7 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. అది చచ్చిపోతే కంప్యూటర్ తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ సర్వర్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి డౌన్‌లోడే మొదలవదు. బయోస్ సెట్టింగులూ మొదటికొస్తాయి. నిన్న ఆన్ చేసిన టీపీఎమ్ ఇవాళ ఆఫ్. సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోతే విండోస్ అసలు లేవదు. చిన్న బిళ్ల, మూడు రకాల తంటాలు. బ్యాటరీ మార్చగానే బయోస్‌లోకి వెళ్లి తేదీ, టీపీఎమ్, సాటా మోడ్ మూడూ ముందున్నట్టు పెట్టుకోండి.

డిస్కునీ ఒకసారి పరీక్షించండి. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో పసుపు రంగు ‘కాషన్’ కనిపించి, ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ (చదవడానికి మొరాయిస్తున్న భాగాల లెక్క) దగ్గర సున్నా కాని అంకె ఉంటే ఆ డిస్కు మీద మార్పిడి మానుకోండి. ముందు కొత్త ఎస్ఎస్‌డీ, తర్వాతే విండోస్ 11.

మార్పిడి మధ్యలో తెర నల్లగా ఉండి ఏమీ కదలకపోతే ముందు హార్డ్ డిస్కు లైటు చూడండి. మినుకుమినుకుమంటుంటే పని జరుగుతోంది, పవర్ బటన్ ముట్టుకోవద్దు. గంటసేపు లైటు అసలు కదలకపోతేనే బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు తనంతట తనే పాత విండోస్‌కి తిరిగొస్తుంది.

నాలుగో లాకు

4తో మొదలైతే ఎక్కువగా పాత యూజర్ ఖాతాలో, దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్లలో తేడా. వాడని ఖాతాలు తీసేయండి. తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు ‘డిస్మ్, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్-ఇమేజ్, ఖాళీ, స్లాష్ రీస్టోర్‌హెల్త్’, అది పూర్తయ్యాక ‘ఎస్ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ’. ఈ వరస తిరగేయొద్దు. ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే కొట్టును డిస్మ్ బాగుచేస్తుంది. కొట్టులోనే పుచ్చు ఉంటే ఎస్ఎఫ్‌సీ ఏం తెస్తుంది? డిస్మ్ 62 శాతం దగ్గర చాలాసేపు నిలిచిపోయినట్టు కనిపించొచ్చు, ఆపకండి.

అన్నీ అయ్యాక ఐఎస్ఓ నుంచి సెటప్ నడుపుతూ ‘ఛేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్’ దగ్గర ‘నాట్ రైట్ నౌ’ ఎంచుకోండి. ఇంటర్నెట్ తీగ పీకేయండి. ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ ముందు చుక్క ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. అది లేక కింది ఎంపికకి వెళితే ప్రోగ్రాములన్నీ పోతాయి. డిస్కుకి బిట్‌లాకర్ (డేటాకి వేసే విండోస్ తాళం) ఉంటే ముందే సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కీని అదే కంప్యూటర్‌లో దాచుకుంటే అవసరానికి అందదు.

మార్పిడి పూర్తయి విండోస్ 11 లేచాక సి డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్ కనిపిస్తుంది. పది రోజుల దాకా దాన్ని చెరపకండి. ప్రింటర్ పలక్కపోయినా, లెక్కల సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోయినా ఆ పది రోజుల్లోపే సెట్టింగుల్లో రికవరీకి వెళ్లి పాతదానికి తిరిగి వెళ్లొచ్చు.

బయోస్ ‘లెగసీ’ అనే పాత పద్ధతిలో ఉండి, డిస్కు విభజన కూడా ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉన్నవాళ్లు ఈ వారం బయోస్‌లో ఏమీ మార్చకండి. నేరుగా యూఈఎఫ్ఐకి మారిస్తే విండోస్ లేవదు. డిస్కును ముందు జీపీటీ అనే కొత్త విభజన పద్ధతిలోకి మార్చే ఎంబీఆర్2జీపీటీ పద్ధతి 6వ పాఠంలో. ఈలోగా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, మీ డిస్కులో ఎన్ని పార్టిషన్లున్నాయో, ఒక్కొక్కటి ఎంత ఉందో నోట్‌బుక్‌లో రాసుకుని ఉంచండి.