పెళ్ళి ఫొటో అంచున పాలేరు: ఊరి పాత ఛాయాచిత్రాలను సేకరించే విధానం

ఒక వ్యవసాయ గ్రామపు పాత జీవితాన్ని ఫొటోల ద్వారా ఒక చోట కూర్చాలని బయలుదేరిన వారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది, అటువంటి ఫొటోలు దాదాపుగా లేకపోవడమే. నాట్లు వేస్తుండగానో, కళ్ళంలో కుప్ప నూరుస్తుండగానో ఫొటో తీయించుకోవాలని మన పల్లెల్లో ఎవరికీ తోచలేదు. ఫొటోగ్రాఫరును దగ్గరి పట్నం నుంచి పిలిపించాలి, అతనికి బండి కట్టాలి, భోజనం పెట్టాలి, ఒక్కొక్క ఫొటోకూ లెక్కకట్టి డబ్బివ్వాలి. అంత ఖర్చు పెళ్ళికో, షష్టిపూర్తికో, పందెంలో గెలిచిన ఎడ్లజతకో, చివరికి ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడో మాత్రమే పెట్టేవారు. కాబట్టి రోజువారీ బతుకును ఈ ఫొటోల అంచుల్లో వెతుక్కోవలసి ఉంటుంది: పెళ్ళిపీటల వెనుక కనిపించే గాదెలో, పెద్దలు కూర్చున్న కుర్చీల మీదుగా తొంగిచూసే గడ్డివాములో, ఎద్దు ముకుతాడు పట్టుకుని ఫొటో చివర సగం తెగిపోయి నిలబడ్డ పాలేరులో. కింద చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది.

మినహాయింపులు లేకపోలేదు. 1940లలో హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను వారి పనిపాటల మధ్యనే ఫొటోలు తీశాడు. ఆ సంపద ఇప్పుడు లండన్‌లో ఆసియా, ఆఫ్రికా అధ్యయనాలకు నెలవైన ‘సోయాస్’ విద్యాసంస్థ గ్రంథాలయంలో ఉంది. మైదాన ప్రాంతపు రైతుకు అటువంటి భాగ్యం తక్కువ. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ వంటి ప్రసిద్ధుడు సైతం ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు కావడం వల్ల ఆయన కెమెరా ఎక్కువగా కోటల వైపు, వేటల వైపు, దర్బారుల వైపు తిరిగింది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలైన తరువాత బ్లాకు అధికారుల పర్యటనలకు, ఎరువుల ప్రదర్శనలకు ఫొటోలు తీయడం కొంత అలవాటైంది. అవి మీ ఊరి పాత సర్పంచుల ఇళ్ళలో దొరికే అవకాశం ఉంది.

సేకరణకు వెళ్ళినప్పుడు ‘మీ ఇంట్లో పాత ఫొటోలున్నాయా?’ అని అడగరాదు. ‘ఏమీ లేవు నాయనా’ అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే తమ ఇంటి ఫొటో ఊరి చరిత్రకు పనికివస్తుందన్న ఊహ వారికి ఉండదు. ‘మీ పెళ్ళి ఫొటో ఒకసారి చూపిస్తారా, అత్తయ్యా?’ అని అడిగితే గోడమీది పటం దిగుతుంది, పటం వెంట ట్రంకుపెట్టె తెరుచుకుంటుంది, పెట్టె అడుగున భూమి కాగితాల మధ్య నుంచి మరో నాలుగు ఫొటోలు బయటపడతాయి. ఊరు విడిచి వెళ్ళినవారిని కూడా మరచిపోకూడదు. కోస్తా జిల్లాల నుంచి నిజాంసాగర్ ఆయకట్టుకు, కర్ణాటకలో తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో ‘క్యాంపులు’ అని పిలిచే కొత్త ఊళ్ళకు వలసపోయిన రైతు కుటుంబాలు తమతో ఆల్బమ్‌లను తీసుకువెళ్ళాయి. ఊళ్ళో మిగిలిన అన్నదమ్ముల దగ్గర లేని ఫొటో అక్కడ ఉండవచ్చు. అమెరికా వెళ్ళిన పిల్లల దగ్గర అయితే ఫొటోకు బదులు, ఎవరో ఫోనులో తీసి పంపిన మసక నకలు మాత్రమే ఉండవచ్చు. అటువంటప్పుడు అసలు ఫొటో ఎవరి దగ్గర ఉందో కనుక్కుని అక్కడికే వెళ్ళాలి.

భూమి లేని కుటుంబాల ఇళ్ళకు తప్పనిసరిగా వెళ్ళాలి. వారి దగ్గర పెళ్ళి ఆల్బమ్ ఉండకపోవచ్చు గాని బడి బృందం ఫొటో, పట్టాల పంపిణీ నాటి ఫొటో, సైన్యంలో చేరిన కొడుకు ఇంటికి పంపిన ఫొటో దొరుకుతాయి. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషను, గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్ మిషను చాలాకాలం పనిచేశాయి కనుక అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో గుడి ప్రతిష్ఠ నాటివో, హాస్టలు పిల్లలవో ఫొటోలు ఉండే వీలుంది. ఈ ఇళ్ళను వదిలివేసి కూర్చిన సంకలనం నాలుగు పెద్ద కుటుంబాల ఆల్బమ్‌గా మిగులుతుంది.

అసలు ఫొటోను ఇంటి నుంచి బయటకు తీసుకుపోకపోవడం ఉత్తమం. చిన్న స్కానరును, ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్ళి, వారి అరుగు మీదే పని ముగించి, ఫొటోను వారి కళ్ళ ముందే తిరిగి పెట్టెలో పెట్టించాలి. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరిన తరువాత ఫొటోను అంచులతో పట్టుకోవాలి. దుమ్మును మెత్తని కుంచెతో తుడవవచ్చు గాని తడిగుడ్డ తగలనీయరాదు. పటం అద్దానికి అంటుకుపోయిన ఫొటోను ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకూడదు. మా తాతయ్య ఫొటోను నేను అలాగే ఊడదీయబోయి, ఆయన తలపాగా అద్దానికి, భుజాలు అట్టకు మిగలగా, ఇంట్లో ఎవరికీ చెప్పలేక వారం రోజులు దాచాను. అటువంటి వాటిని అద్దంతో పాటే, ఫ్లాష్ లేకుండా, నీడపట్టున వచ్చే పగటి వెలుతురులో, కెమెరా వెనుక నల్లగుడ్డ పట్టించి ప్రతిబింబం పడకుండా ఫొటో తీయాలి. జిగురు పూసిన పేజీలపై ప్లాస్టిక్ పొర కప్పి ఉండే ఆల్బమ్‌ల విషయంలో కూడా, ఫొటో తేలికగా రాకపోతే పేజీని పేజీగానే స్కాన్ చేయడం మేలు.

స్కాన్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. పెద్ద ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి పడే చుక్కల లెక్క), అరచేతిలో ఇమిడే చిన్న ఫొటోకు 1200, 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌కు 2400కు తగ్గకుండా పెట్టుకోవాలి. నలుపు తెలుపు ఫొటోనైనా రంగుల్లోనే స్కాన్ చేయాలి, ఎందుకంటే పసుపు మరకలు, సిరా గుర్తులు, చేతితో అద్దిన రంగులు అప్పుడే విడివిడిగా కనబడతాయి. మూలప్రతిని వివరాలేవీ పోని ‘టిఫ్’ ఫైలు రూపంలో ఉంచుకుని, పంచుకోవడానికి పరిమాణంలో చిన్నదైన ‘జేపెగ్’ నకలు వేరుగా తీయాలి. గీతలు తొలగించే, ముఖాలను ‘స్పష్టం’ చేసే యాప్‌లను మూలప్రతి దరిదాపులకు రానీయకూడదు. లేని కన్నును, లేని నగను అవి తమంతట తామే కల్పించి పెడతాయి. ఫొటో వెనుక వైపును కూడా తప్పక స్కాన్ చేయాలి.

ఆ వెనుక వైపు నుంచే కాలనిర్ణయం మొదలుపెట్టాలి. స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తరువాతిదే, ఎందుకంటే ఆ రోజునే పిన్‌కోడ్ అమలులోకి వచ్చింది. తరువాత ఫొటోలోని బోర్డులను చదవాలి. ‘పంచాయతీ సమితి’ అన్న మాట కనిపిస్తే అది 1959కి ముందుది కాదు. ‘మండలం’ అన్న మాట కనిపిస్తే 1985కు ముందుది కాదు. నాగార్జునసాగర్ కుడి, ఎడమ కాలువలకు 1967 ఆగస్టులో నీరు వదిలారు కనుక, ఆ కాలువల కింది మెట్ట ఊళ్ళో పెళ్ళివారి వెనుక నిండు వరిచేను కనబడితే అది ఆ తరువాతి కాలానిదని తలచవచ్చు, ఊరికి చెరువు లేకపోతేనే సుమా. చదరంగా ఉన్న చిన్న ఫొటో చాలాసార్లు స్టూడియోది కాదు: 120 ఫిల్ముపై పన్నెండు చదరపు బొమ్మలు తీసే అగ్ఫా క్లిక్-3 వంటి ఇంటి కెమెరాలతో బంధువులెవరో తీసింది అయి ఉంటుంది. పండుగకు వచ్చిన పట్నం మేనమామ సరదాగా తీసిన ఇటువంటి ఫొటోల్లోనే దూడను తోముతున్న పిల్లలు, చాట చేతపట్టుకున్న నాయనమ్మలు కనిపిస్తారు. అందువల్ల సేకరణలో వీటికి ముందుపీట వేయాలి.

వరి ఎత్తు నాకు ఎంతో ఇష్టమైన ఆధారం. పాతకాలపు పొడుగు రకాలు మనిషి ఛాతీ దాకా పెరిగి, గాలివానకు పడిపోయేవి. 1966లో విడుదలైన ఐఆర్-8, దాని వెంట వచ్చిన పొట్టి రకాలు నడుము దాటవు. చేలో నిలబడ్డ మనిషి నడుము దగ్గరే వెన్నులు ఆగిపోయి, అంతా ఒకే ఎత్తున దట్టంగా కనబడితే ఆ ఫొటో 1960ల చివరి తరువాతిదని చెప్పవచ్చు. దీన్ని తిరగేసి మాత్రం వాడకూడదు, ఎందుకంటే మసూరి వంటి పొడుగు రకాలు ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి సాగయ్యాయి. వస్తువుల విషయంలో ఈ సూత్రమే సర్వత్రా వర్తిస్తుంది. టైరు చక్రాల బండి, ఆయిలింజను, ప్లాస్టిక్ బిందె, ట్రాన్సిస్టరు రేడియో వంటివి ఆ ఫొటో ఫలానా కాలానికి ముందుది కాదని మాత్రమే చెబుతాయి. ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రాల బండి, నీళ్ళు తోడే మోట, ఏతాము కనబడినంత మాత్రాన అది చాలా పాతదని నిర్ధారించలేము. కరెంటు మోటారు వచ్చిన ఇంటి పక్కనే మరో పదేళ్ళు మోట తోలిన రైతులు ఉన్నారు. అటక మీద పడి ఉన్న విత్తనాలు వేసే గొర్రును, గింజలు పోసే దాని జడ్డిగాన్ని పండుగనాడు కడిగి బొట్టుపెట్టి ఫొటోలో నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

సంవత్సరం తేలకపోయినా ఋతువు తేలుతుంది. గడ్డివాము నిండుగా, కొత్తగా ఉంటే నూర్పిడి ముగిసిన కాలం. తరిగి ఒక పక్కకు ఒరిగి ఉంటే నాట్లకు ముందు రోజులు. వాకిట గొబ్బెమ్మలుంటే ధనుర్మాసం. మోదుగు పూసి ఉంటే ఎండలు ముదురుతున్న వేళ. ఇళ్ళ పైకప్పులను కూడా గమనించాలి: డెల్టాలో తాటాకు, పెంకు; రాయలసీమలో మట్టి మిద్దె. పొరుగూరి ఫొటో మీ ఊరి పెట్టెలోకి వచ్చిందేమోనన్న అనుమానం ఇటువంటి చోటనే తీరుతుంది.

అన్నిటికంటే ఓపిక కావలసిన పని పేర్లు రాబట్టడం. ఫొటోను ఏ-4 కాగితమంత పెద్దదిగా ముద్రించి, ప్రతి మనిషి మీదా ఒక అంకె వేసి, దాన్ని పెద్దల చేతిలో పెట్టాలి. ఒక్కరినే అడగకుండా ఇద్దరు ముగ్గురిని ఒకచోట కూర్చోబెడితే ఒకరి మరపును మరొకరు సవరిస్తారు, కొంత వాదులాట జరుగుతుంది, ఆ వాదులాటలోనే అసలు సంగతులు బయటికి వస్తాయి. ఆడవారి పేర్లను ఆడవారినే అడగాలి. మగవారిని అడిగితే ‘ఫలానావారి భార్య’ అన్న దగ్గర ఆగిపోతారు. అంచున ఉన్న మనిషి గురించి మీరు అడిగేదాకా ఎవరూ మాట్లాడరు. ‘తాతయ్యా, ఈ ఎడ్లను పట్టుకున్న ఆయన ఎవరు?’ అంటే ‘మా పాలేరు’ అని, వెంటనే ‘ఆ ఎలపటెద్దు పేరు రాముడు, ఎంత బుద్ధిమంతుడో’ అని చెప్పిన పెద్దలు ఉన్నారు. ఎద్దు పేరు రాసుకోండి, అది కూడా చరిత్రే. ఆ తరువాత మనిషి పేరు తెలుసుకోవడానికి ఆయన వాడకు వెళ్ళండి. తెలంగాణలో పాలేరును జీతగాడు అంటారు. ఏ ఊరి మాటను ఆ ఊరి మాటగానే నమోదు చేయాలి, కళ్ళాన్ని, గాదెను, గరిసెను, పాతరను పుస్తకభాషలోకి మార్చరాదు. పనిముట్ల పేర్లు చెప్పేటప్పుడు పెద్దల గొంతును వారి అనుమతితో రికార్డు చేసుకుంటే, వ్రాతలో దొరకని పలుకుబడి కూడా నిలుస్తుంది.

ఫొటో కింద వ్రాసే వివరణలో మూడు రకాల మాటలను కలగలపకూడదు: ఫొటోలో కంటికి కనబడుతున్నది, ఒకరు చెప్పినది, మీరు ఊహించినది. ‘పెళ్ళిబృందం, సుమారు 1970. కుడి చివర ఎద్దును పట్టుకున్న వ్యక్తి పేరు ఆయన మనవరాలు చెప్పినది. వెనుక పొట్టి వరి కనబడుతున్నందువల్ల కాలాన్ని అంచనా వేశాము’ అని వ్రాస్తే, రేపు మరొకరు వచ్చి సవరించడానికి చోటు ఉంటుంది. ‘సుమారు’ అన్న మాట వాడడానికి సిగ్గుపడవలసిన పని లేదు. కులం పేరుతో పిలిచే పాత తక్కువ మాటలు ఫొటో వెనుక వ్రాసి ఉంటే, వెనుక వైపు స్కానులో అవి ఎలాగూ నిలిచి ఉంటాయి. మీ వివరణలోకి వాటిని ఎక్కించనక్కర లేదు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ కుటుంబం నిలబడిన ఫొటోలను వారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప నలుగురిలో పెట్టకూడదు. మిగిలినవాటికి కూడా ‘స్కాన్ చేయవచ్చు’, ‘పేర్లతో పంచవచ్చు’ అన్న రెండు అనుమతులను వేర్వేరుగా అడిగి పుస్తకంలో సంతకం తీసుకోవాలి.

అసలు ఫొటోలు ఉన్న ఇంటివారికి కొన్ని జాగ్రత్తలు చెప్పి రావాలి. అటక వేడికి, గోడ చెమ్మకు ఫొటో పాడవుతుంది. లోపలి గదిలో బీరువా మధ్య అర మంచిది. కలరా ఉండలు ఫొటోల దగ్గర వేయకూడదు. ల్యామినేషన్ చేయించవద్దని గట్టిగా చెప్పాలి, చాలామంది భద్రత కోసమని చేయించేది అదే. పాత ఫిల్ము నెగెటివ్‌ల నుంచి వెనిగరు వంటి పుల్లని వాసన వస్తుంటే అవి చెడిపోతున్నాయని గుర్తించి, మిగిలినవాటి నుంచి వేరుచేసి, ముందుగా వాటినే స్కాన్ చేయాలి. స్కాన్ చేసిన ఫైళ్ళను మూడు చోట్ల ఉంచాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. వీలైతే ఒక ముద్రిత ప్రతిని ఊరి గ్రంథాలయంలో పెట్టాలి.

చివరి పని ఫొటోను అచ్చు వేయించి తిరిగి ఇవ్వడం. ఇచ్చిన కుటుంబానికి ఒక ప్రతి ఎలాగూ ఇస్తాము. దానితో పాటు, అంచున నిలబడ్డ మనిషి వరకు కత్తిరించి, పోస్టుకార్డంత పెద్దది చేసి, వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు వ్రాసి, ఆయన పిల్లల ఇంటికి కూడా ఒకటి తీసుకువెళ్ళాలి. చిన్న ఫొటోకు 1200 డీపీఐ పెట్టమన్నది ఇందుకే. ఆ ఇంట్లో ఆయన ఫొటో మరొకటి ఉండకపోవచ్చు.