బాయిలర్ నీళ్లు కాగకపోతే: మీటరుతో, చిన్న లెక్కతో పట్టుకున్న లోపం

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మా మామయ్య లాడ్జిలో నీళ్ల బాయిలర్ నీరసించింది. తెల్లవారుజామున కొండకు బయలుదేరే యాత్రికులతో ఆయనకు రోజూ చీవాట్లే. "బోరు నీళ్లు కదరా, కాయిళ్లకు సున్నం పట్టింది, యాసిడ్ పోయిద్దాం" అన్నారు. సున్నం పడితే వేడి నిదానంగా అందుతుందేమో గాని, కరెంటు తగ్గదు. "ముందు కొలుద్దాం మామయ్యా" అన్నాను.

బాయిలర్ మీద 230 వోల్టులు, 3000 వాట్లు అని ఉంది. అంటే 13 ఆంపియర్లు లాగాలి. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరును ఫేజు తీగ ఒక్కదానికే తగిలించాలి. రెండు తీగలనూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది. వచ్చింది 6.4 ఆంపియర్లు, వోల్టేజీ 225. గుణిస్తే 1440 వాట్లు. 225ను 6.4తో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకు అడ్డు, 35 ఓమ్‌లు, ఉండాల్సింది 17.6. దాదాపు రెట్టింపు! లోపల సమాంతరంగా ఉన్నవి 1500 వాట్ల కాయిళ్లు రెండు. ఒకటి పనిచేయడం లేదన్నమాట.

మెయిన్ ఆపి మూత విప్పితే, రెండో కాయిల్ టెర్మినల్ దగ్గర తీగ నల్లగా మాడి ఊడిపోయి ఉంది. కాలిన ముక్క కత్తిరించి, తీగ కొనకు కొత్త లగ్గు (టెర్మినల్‌కు బిగించే లోహపు తొడుగు) వేసి బిగించాను. ఇప్పుడు 12.8 ఆంపియర్లు. వోల్టేజీ 200కు పడితే మాత్రం పవరు 2270 వాట్ల దగ్గరే ఆగుతుంది. దానికి బాయిలర్‌ను తిట్టి లాభం లేదు.